కాజీపేట – కాగజ్‌నగర్ రైలు లైను మీద ఒక ఫుట్‌బాల్ లీగ్: ఈ చలికాలానికి ఆరు టీములు దొరుకుతాయా?

#1 రైట్‌బ్యాక్_హన్మకొండ

పోయిన నెల మా టీము ఒక ఊళ్ళో టోర్నమెంటుకు పోయింది. ఊరి పేరు వద్దు, వాళ్ళ తప్పేం లేదు. పొద్దున నాలుగింటికి లేచి తుఫాన్ బండిలో పద్నాలుగు మందిమి బయల్దేరాం. మా మ్యాచ్ పదకొండున్నరకు పడింది. ఇటు ఇరవై, అటు ఇరవై నిమిషాలు. గోల్ పడలేదు, పెనాల్టీల్లో ఓడిపోయాం. ఒంటిగంటకల్లా మళ్ళీ బండిలో ఉన్నాం. నలభై నిమిషాల ఆటకు ఒక ఆదివారం, నాలుగు వేల కిరాయి, పదిహేను వందల ఎంట్రీ ఫీజు. మా గోల్‌కీపర్ ఆ రోజు కోసమని కొత్త గ్లవ్స్ కొనుక్కున్నాడు. పెనాల్టీలు పక్కన పెడితే ఆట మొత్తంలో వాడి చేతికి బంతి తగిలింది రెండుసార్లు.

పదేళ్లుగా మా కథ ఇదే. మన దగ్గర టోర్నమెంట్లకు కొదవ లేదు, లీగ్ మాత్రం లేదు. నాకౌట్ పెడితే సగం టీములు ఒక్క ఆటతో ఇంటిదారి పడతాయి. అంత దూరం పోయి ఓడినవాళ్ళే మళ్ళీ ఏడాది దాకా ప్రాక్టీసు మానేస్తారు. పేరుకు టీము ఉంటుంది, టోర్నమెంటుకు వారం ముందు వాట్సాప్‌లో ప్రాణం పోసుకుంటుంది.

అందుకే అడుగుతున్నా. ఉద్యోగాలు చేసుకుంటూనే పద్ధతిగా ఆడే సెమీ ప్రో లీగ్ లాంటిది మనం ఒకటి పెట్టుకోలేమా? రైలు లైను ఒకసారి చూడండి. కాజీపేట, జమ్మికుంట, పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాల, బెల్లంపల్లి, కాగజ్‌నగర్. కరీంనగర్ వాళ్ళకు పెద్దపల్లి నుంచి లైను ఉంది. ఆరు టీములు ఒప్పుకుంటే ఒక్కొక్కరు సొంతూళ్ళో ఐదు, బయట ఐదు ఆడతారు. మొత్తం 30 మ్యాచ్‌లు, ప్రతిదీ తొంభై నిమిషాలు. అక్టోబర్‌లో మొదలుపెట్టి ఫిబ్రవరిలో ముగిద్దాం. ఎవరు రెడీ?

#2 జమ్మికుంట_చిన్నోడు

నేను రెడీ అన్నా. మా టీములో ఇంకా ఎవరినీ అడగలేదు, కానీ నేనైతే రెడీ 😀

#3 బొగ్గుబావి_9

గోదావరిఖని నుంచి. ఆలోచన బాగుంది అన్నా, కానీ మా బాధ చెప్తా వినండి. మా పదహారు మందిలో ఏడుగురు గనుల్లో పనిచేసేవాళ్ళు. మూడు షిఫ్టులు. ఈ వారం మొదటి షిఫ్టులో ఉన్న సెంటర్ బ్యాక్ వచ్చేవారం రాత్రి షిఫ్టులో ఉంటాడు. రాత్రంతా భూమి లోపల ఉండి పొద్దున బయటికొచ్చినవాణ్ని మధ్యాహ్నం తొంభై నిమిషాలు పరుగెత్తమంటే వాడు మనిషా, డోజరా?

ఇంకోటి. మా దగ్గర ఆదివారం డ్యూటీని ప్లే డే అంటారు, తెలుసు కదా. జీతం డబుల్. ఆ ప్లే డే వదులుకుని ఈ ప్లేకి వస్తానంటే ఇంట్లో నాకు అన్నం పెట్టరు. నెలకు రెండు మ్యాచ్‌లంటే మాత్రం షిఫ్టు మార్చుకుని ఎట్లనో ఒకట్ల వస్తాం. వారం వారం అంటే కుదరదు.

#4 ఖజానా_మంచిర్యాల

మా టీము లెక్కల పుస్తకం నా దగ్గరే ఉంటుంది కాబట్టి రాస్తున్నా. పోయినేడాది ఏడు బయటి టోర్నమెంట్లకు పోయాం. ఖర్చు 46,000. అందులో 28,000 ఒక్క బండి కిరాయి. ఎంట్రీ ఫీజులు 10,500. మిగిలింది తిండి, టేపు, స్ప్రే, ఒకసారి ఒకడి కాలికి ఎక్స్‌రే. గెలిచిన ప్రైజ్ మనీ? ఒకచోట రన్నరప్ అయితే పదివేలు రాసిన పెద్ద అట్టముక్క చెక్కు చేతికిచ్చి ఫొటో దిగారు. ఆ అట్టముక్క ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. డబ్బు రాలేదు.

రైలు మాట బాగా పట్టావు తమ్ముడూ. పద్నాలుగు మందికి పోను రాను టికెట్లు కలిపినా బండి కిరాయిలో సగం కాదు. కానీ రైలు మన మ్యాచ్ కోసం ఆగదు. తిరుగు బండి ఎన్నింటికో చూసుకుని కిక్కాఫ్ పెట్టాలి. అదొక్కటి సరిగ్గా కుదిర్చితే సగం లీగ్ అయిపోయినట్టే.

#5 కాజీపేట_లోకో

నేను రైల్వేలో రిటైరైనవాణ్ని. మోకాళ్ళు పోయినయి కాబట్టి మాటలే ఆడతాను, ఓపిక పట్టండి.

మీరంతా సెమీ ప్రో అంటే ఏదో విదేశీ సరుకు అనుకుంటున్నారు. ఉద్యోగం చేసుకుంటూ ఆడి దేశాన్ని ఏలినవాళ్ళు మన హైదరాబాద్ సిటీ పోలీస్ టీమువాళ్ళు. 1950లో దేశంలోని పెద్ద టోర్నమెంటు డ్యూరాండ్ కప్ ఫైనల్లో కలకత్తా మోహన్ బగాన్‌ను ఓడించారు. అదే ఏడాది నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్ వాళ్ళదే. జీతమిచ్చింది పోలీసు శాఖ, ఆడింది పోలీసు జెర్సీలో. వాళ్ళ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం మొదట బడిపంతులు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఇండియాను నాలుగో స్థానానికి, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకానికి తీసుకెళ్ళింది ఆయనే. ఆ జకార్తా ఫైనల్లో దక్షిణ కొరియా మీద 2-1. అప్పటికే ఆయనకు క్యాన్సర్. మరుసటి ఏడు పోయారు.

రహీం సాబ్ గొప్పతనం కోచింగ్ ఒక్కటే కాదు. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ సెక్రటరీ ఆయన. అంటే ఎవరితో ఎవరు ఎప్పుడు ఆడాలో రాసిందీ, గ్రౌండ్ చూసిందీ, పిల్లలకు డ్రిబ్లింగ్ లేకుండా పాసులతోనే ఆడే పోటీలు పెట్టిందీ ఆయనే. పొద్దున లేచి ఆ చాకిరీ చేసే మనిషి ఒకడుండాలి. మీ ఆరు టీముల్లో ఆ ఒక్కడు ఎవడు? ముందు అది చెప్పండి. కప్పు ఎంత పెద్దదో తర్వాత చూద్దాం.

#6 జమ్మికుంట_చిన్నోడు

సార్, పాత ముచ్చట్లు బాగున్నయి కానీ మా తరానికి దక్కింది హైదరాబాద్ ఎఫ్‌సీ. 2022 మార్చిలో గోవాలో కేరళ బ్లాస్టర్స్‌తో దేశపు పెద్ద లీగ్ ఐఎస్ఎల్ ఫైనల్. 88వ నిమిషంలో మన తవోరా సమం చేశాడు, పెనాల్టీల్లో మన కీపర్ కట్టిమణి మూడు ఆపాడు. ఆ రాత్రి మా ఇంట్లో నేనొక్కణ్నే కేకలు పెడుతుంటే అమ్మ లేచొచ్చి ఎవరు పోయారని అడిగింది. అప్పుడు ఎవరూ పోలేదు. 2025లో క్లబ్బే పోయింది, ఢిల్లీకి. జెర్సీ ఇంకా బీరువాలో ఉంది. ఇప్పుడు దాన్ని వేసుకుని ఎవరి కోసం అరవాలి?

#7 మిషిగన్_ఓరుగల్లు

చిన్నోడా, నీ ప్రశ్నకు లండన్‌లో కొందరు జవాబు చెప్పారు. 2002లో వింబుల్డన్ క్లబ్బును అక్కడికి ఎంతో దూరంలో ఉన్న మిల్టన్ కీన్స్‌కు తరలించడానికి అనుమతి ఇచ్చేశారు. అభిమానులు ఏడ్చి ఊరుకోలేదు. ఏఎఫ్‌సీ వింబుల్డన్ అని సొంత క్లబ్ పెట్టారు. ఊరి మైదానంలో ఎవరైనా రావచ్చని సెలెక్షన్స్ పెట్టి ఆటగాళ్ళను ఏరుకున్నారు. లీగుల నిచ్చెనలో కింద తొమ్మిదో అంచెలో మొదలై 2011కల్లా ప్రొఫెషనల్ లీగుకు ఎక్కారు. 2020లో మళ్ళీ తమ పాత పేట ప్లౌ లేన్‌లోనే స్టేడియం కట్టుకున్నారు. ఇవాళ్టికీ క్లబ్ పెత్తనం అభిమానుల ట్రస్టుదే.

నేను హన్మకొండలో పుట్టి ఇప్పుడు డెట్రాయిట్ పక్కన ఉంటున్నాను. ఇక్కడి డెట్రాయిట్ సిటీ ఎఫ్‌సీ కథ మీకు ఇంకా దగ్గర. 2012లో కొందరు స్నేహితులు పెట్టుకున్న క్లబ్. నాలుగో అంచె ప్రాంతీయ లీగ్. ఆటగాళ్ళలో ఎక్కువమంది కాలేజీ పిల్లలు, వేసవి సెలవుల్లో జీతం లేకుండా ఆడేవాళ్ళు, ఎందుకంటే డబ్బు తీసుకుంటే కాలేజీ టీములో చోటు పోయేది. ఒక హైస్కూలు గ్రౌండే వాళ్ళ స్టేడియం. జనం పెరిగి అది చాలక, హ్యామ్‌ట్రామిక్ అనే చిన్న ఊళ్ళో 1936లో కట్టిన కీవర్త్ స్టేడియాన్ని బాగుచేసుకుని 2016లో అక్కడికి మారారు. ఆ మరమ్మతుకు అభిమానులే 7 లక్షల డాలర్లకు పైగా పెట్టుబడిగా ఇచ్చారు. చందా కాదు, అప్పు లాంటిది. హ్యామ్‌ట్రామిక్‌లో బంగ్లాదేశ్ వాళ్ళు, యెమెన్ వాళ్ళు, పాత పోలిష్ కుటుంబాలు ఉంటాయి. 2022 నుంచి ఆ క్లబ్ రెండో అంచెలో ఆడుతోంది.

నేను మొదటిసారి పోయినప్పుడు ఆట కంటే స్టాండ్స్ ఎక్కువ చూశాను. డ్రమ్ములు, రంగు పొగ, తొంభై నిమిషాలు ఆగని పాట. మన డప్పుల ముందు అదెంత, అనిపించింది. మన దగ్గర డప్పు కొట్టేవాళ్ళున్నారు, ఎవరి కోసం కొట్టాలో చెప్పే టీము లేదు.

#8 బొగ్గుబావి_9

బావా, డాలర్ల కథ బాగుంది. మా దగ్గర గ్రౌండ్ చుట్టూ గోడ కూడా లేదు, టికెట్ ఎట్ల అమ్మాలె?

#9 మిషిగన్_ఓరుగల్లు

టికెట్ వద్దు బావా. నేను చెప్పేది డబ్బు గురించి కాదు. వాళ్ళకు ప్రతి వేసవిలో ఫలానా తేదీన ఫలానా చోట ఆట ఉంటుందని ఊరందరికీ తెలుసు. మనకు అది తెలియదు. నేను ఏటా డిసెంబర్‌లో మూడు వారాలు వస్తాను, ఎక్కడైనా మ్యాచ్ ఉందా అని ముగ్గురిని అడిగితే మూడు జవాబులు. పోయినసారి ఆర్ట్స్ కాలేజీ గ్రౌండుకు పోతే అక్కడ నాలుగు క్రికెట్ ఆటలు ఒకదాని మీద ఒకటి నడుస్తున్నాయి.

#10 పసుపుకార్డు

నేను రిఫరీని. లైసెన్సు ఉంది, మ్యాచ్‌లు లేవు.

సెమీ ప్రో అనే మాట మీద ఒక సంగతి. ఫిఫా నిబంధనల్లో అసలు ఆ రకమే లేదు. రాతపూర్వక కాంట్రాక్టు ఉండి, ఆటకు అయ్యే ఖర్చు కంటే ఎక్కువ డబ్బు తీసుకునేవాడు ప్రొఫెషనల్. మిగిలినవాళ్ళంతా అమెచ్యూర్లు. మీరు దారి ఖర్చు, తిండి, స్టడ్స్ బూట్లు ఇస్తే వాడు అమెచ్యూరే. మ్యాచ్‌కు వెయ్యి రూపాయలు చేతిలో పెట్టి కాగితం రాయకపోతే, వాడు పేరుకు అమెచ్యూరే, ఆ డబ్బు మాత్రం ఏ లెక్కలోకీ రాదు. కాలు విరిగినా ఏ లెక్కలోకీ రాడు. అందుకే ఎంత ఇస్తున్నారో, ఎందుకు ఇస్తున్నారో ఒక పేజీ అయినా రాసుకోండి.

రెండోది రిజిస్ట్రేషన్. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య దగ్గర సీఆర్ఎస్ అనే ఆన్‌లైన్ పద్ధతి ఉంది. ఆటగాడి పేరు, వయసు, క్లబ్ అందులో ఎక్కుతాయి. మీ లీగుకు ముందుగా జిల్లా సంఘాల ద్వారా రాష్ట్ర సంఘం అనుమతి తీసుకోండి. గొడవ కోసం కాదు. 2023లో ఐ-లీగ్ 3 అనే జాతీయ స్థాయి పోటీ మొదలైంది, రాష్ట్ర లీగుల నుంచి ముందుకొచ్చే క్లబ్బులకు మొదటి మెట్టుగా. ఇవాళ మీరు సరదాగా ఆడుకున్నా, రేపు జమ్మికుంట పిల్లాడు ఒకడు నిజంగా బాగా ఆడితే వాడి పేరు ఎక్కడో ఒకచోట ఉండాలి కదా. ఆ పేరు లేకనే మన దగ్గర పద్దెనిమిదేళ్ళ పిల్లలు అన్నల పేర్ల మీద ఆడుతున్నారు. నాకు తెలుసు, నేను ఆధార్ కార్డులు చూస్తాను.

మూడోది, నన్ను కొట్టొద్దు. ఒక ఫైనల్లో ఆఫ్‌సైడ్ ఇచ్చినందుకు నీళ్ళ బాటిల్ వచ్చి చెవి మీద తగిలింది. నిండు బాటిల్.

#11 ఓరుగల్లు_ఫైనల్_థర్డ్

ఇవన్నీ కాదు. లీగ్ అంటే స్టార్ కావాలి. హైదరాబాద్ నుంచి టీముకు ముగ్గురిని తెచ్చుకోవచ్చని రూల్ పెట్టండి. పేరున్న ఆటగాళ్ళు వస్తే జనం వస్తారు, జనం వస్తే స్పాన్సర్ వస్తాడు. మన లోకల్ పిల్లల ఆట చూడటానికి వాళ్ళ నాన్నలే రారు.

#12 ఖజానా_మంచిర్యాల

ఆ రూల్ మేం ఒకసారి చూశాం. ఒక టోర్నమెంటులో అవతలి టీము మొత్తం పొద్దున బండి దిగింది, సాయంత్రం కప్పు తీసుకుని బండెక్కింది. కప్పు మీద ఊరి పేరుంది, పదకొండు మందిలో ఆ ఊరివాడు ఒక్కడు, వాడూ బెంచీ మీద. అట్లాంటి టీముకు ఏడాదికి ఒక రోజే ఆయుష్షు.

#13 ఓరుగల్లు_ఫైనల్_థర్డ్

గెలవడం చేతకాకపోతే రూల్స్ తప్పంటారు. మంచిర్యాల వాళ్ళ కథ మాకు తెలుసు.

#14 బొగ్గుబావి_9

ఏం తెలుసు? చెప్పు. 2-0తో మీరే పోయింది కదా సెమీస్‌లో?

#15 మోడరేటర్

ఇక్కడితో ఆపండి. మధ్యలో మూడు పోస్టులు తీసేశాను. ఊర్ల మీద మాటలు వద్దు. బయటి ఆటగాళ్ళ గురించి మాట్లాడండి, బయటి ఊర్ల గురించి కాదు.

#16 కాజీపేట_లోకో

మోడరేటర్‌కు పసుపు కార్డు ఇచ్చే అధికారం ఉందని ఇవాళే తెలిసింది.

ఫైనల్ థర్డ్ బాబూ, నీ మాటలో న్యాయం లేకపోలేదు. మంచి ఆటగాడి పక్కన ఆడితేనే పిల్లలు నేర్చుకుంటారు. కానీ ముగ్గురు కాదు, ఒక్కడు. వాడూ సీజన్ మొదలయ్యే ముందే పేరు రాయించుకోవాలి, వారానికి ఒకరోజైనా మన పిల్లలతో ప్రాక్టీసు చేయాలి. పొద్దున దిగి సాయంత్రం ఎక్కేవాణ్ని మా రైల్వేలో ప్యాసింజర్ అంటారు.

#17 నిజామాబాద్_పీఈటీ

అన్నలందరికీ నమస్తే. పదహారు పోస్టులు చదివాను, ఒక్కచోట కూడా ఆడపిల్లల మాట లేదు.

గుగులోతు సౌమ్య మా జిల్లా తండా బిడ్డ. ఇండియా టీముకు ఆడింది, 2022లో క్రొయేషియా పోయి డైనమో జాగ్రెబ్‌కు ఆడింది. ఆమె తర్వాత మా బళ్ళో ఫుట్‌బాల్ అడిగే ఆడపిల్లల సంఖ్య పెరిగింది. నాకు కష్టం ఎక్కడొస్తుందంటే పదో తరగతి అయ్యాక. స్కూల్ గేమ్స్ ఉన్నంతవరకు ఆడతారు. తర్వాత వాళ్ళకు క్లబ్ అనేది ఎక్కడుంది? హకీంపేట, కరీంనగర్, ఆదిలాబాద్ స్పోర్ట్స్ స్కూళ్ళలో సీటు దొరికినవాళ్ళు కొందరు. మిగిలినవాళ్ళ స్టడ్స్ చెల్లెళ్ళకు పోతాయి.

మీ లీగులో ఆడపిల్లలకు వేరే లీగ్ పెట్టమని నేను అడగను, ఈ ఏడాది కాదని నాకూ తెలుసు. మీ ప్రతి మ్యాచ్‌కు ముందు ఒక గంట, అదే గ్రౌండులో, అదే గీతల మీద, ఏడుగురు ఏడుగురు ఆడతారు. రిఫరీ ఎలాగూ అక్కడే ఉంటారు. సున్నం గీతలు ఎలాగూ గీస్తారు. పిల్లలతో పాటు వాళ్ళ అమ్మానాన్నలు వస్తారు, మీరు వెతుకుతున్న జనం వాళ్ళే. ఒకటి మాత్రం ముందే చెప్తున్నా. బాత్రూం లేని గ్రౌండుకు నేను పిల్లలను తీసుకురాను.

#18 పసుపుకార్డు

మేడమ్, రిఫరీ ఎలాగూ ఉంటాడు అన్నారు, ఆ గంటకు కూడా టీ ఇప్పించండి చాలు. నేను రెడీ.

#19 రైట్‌బ్యాక్_హన్మకొండ

అక్కా, మీ పోస్టు చదివి ఇవాళ పొద్దున నేనూ మా కీపరూ గ్రౌండ్లు తిరిగి చూశాం.

హన్మకొండ జేఎన్ఎస్‌లో, అంటే జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో, 2021లో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ జరిగినయి, సింథటిక్ ట్రాక్ ఉంది, బాత్రూములు ఉన్నాయి. కానీ ప్రతి శనివారం మనకిస్తారని ఆశ పెట్టుకోలేం. లోపలికి స్టడ్స్‌తో పోవాలంటే ట్రాక్ దాటాలి, దాని మీద చాపలు పరవాలి. పొద్దున వాకింగ్ వాళ్ళతో పెట్టుకుంటే అసలు గెలవలేం. ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్ పెద్దది, కానీ మధ్యలో క్రికెట్ పిచ్. ఫుట్‌బాల్ సరిగ్గా సెంటర్ సర్కిల్ దగ్గర ఎగిరి ముఖానికి తగులుతుంది. కాజీపేటలో రైల్వే గ్రౌండ్ మాకు నచ్చింది. స్టేషన్ దగ్గర, గడ్డి ఉంది, గోల్‌పోస్టులు ఇనుపవి. లోకో సార్, అనుమతి ఎవరిని అడగాలి?

#20 కాజీపేట_లోకో

నన్నే. అంటే నేను ఇవ్వను, కానీ ఎవరి బల్ల మీద దరఖాస్తు పెట్టాలో నాకు తెలుసు. తెల్లకాగితం మీద తేదీలతో సహా రాసుకురా. "కొన్ని మ్యాచ్‌లు ఆడుకుంటాం" అని రాస్తే తిప్పి పంపుతారు. ఎన్ని, ఎప్పుడు, అంబులెన్స్ ఎవరిది, చెత్త ఎవరు ఎత్తుతారు, అన్నీ ఉండాలి.

#21 ఖజానా_మంచిర్యాల

తేదీలంటే గుర్తొచ్చింది. బతుకమ్మ, దసరా రోజులు వదిలేయండి. మా టీములో ముగ్గురికి పత్తి చేను ఉంది, పత్తి ఏరే రోజుల్లో వాళ్ళు రారు. మేడారం జాతర వచ్చే ఏడు అయితే ఆ రెండు వారాలు బస్సూ దొరకదు, మనిషీ దొరకడు. ఏప్రిల్ దాకా లాగారంటే రామగుండం ఎండలో ఆడేవాళ్ళకు ముందే దండం.

#22 రైట్‌బ్యాక్_హన్మకొండ

నిన్న రాత్రి ఫోన్లో మాట్లాడుకున్నది రాస్తున్నా. ఇక్కడ లేనివాళ్ళ కోసం.

ఇప్పటికి ఖాయమైనవి ఐదు: హన్మకొండ, కాజీపేట, జమ్మికుంట, గోదావరిఖని, మంచిర్యాల. ఆరోది కరీంనగర్ వాళ్ళు ఆలోచిస్తామన్నారు. గనుల్లో పనిచేసేవాళ్ళ కోసం మ్యాచ్‌లు పదిహేను రోజులకోసారి. అంటే అటూ ఇటూ పది ఆడటం ఈ చలికాలంలో కుదరదు. ఒక్క రౌండే, 15 మ్యాచ్‌లు, ఒక్కొక్కరికి ఐదు. మూడు సొంతూళ్ళో పడ్డవాళ్ళకు వచ్చే ఏడాది రెండే. నాకు ముప్పై కావాలనే ఉంది. కానీ బొగ్గుబావి లేకుండా ముప్పై కంటే వాడితో పదిహేను మేలు.

బయటి ఆటగాడు టీముకు ఒక్కడే, ముందే పేరు రాయించాలి. ఫైనల్ థర్డ్ అన్న దీనికి ఒప్పుకోలేదు, ఒప్పుకోలేదని ఇక్కడే రాయమన్నాడు, రాశాను. ఎంట్రీ ఫీజు లేదు. దాని బదులు ఆటగాడికి నెలకు రెండు వందలు, లెక్క ఖజానా అన్న చూస్తాడు, ప్రతి నెలా ఇక్కడే ఫొటో పెడతాడు. ప్రైజ్ మనీ లేదు. రైలు ఆలస్యమైతే గంటదాకా ఆగాలి, ఆ తర్వాతే వాకోవర్, అంటే రాని టీము 3-0తో ఓడినట్టు లెక్క. కాజీపేటలో, మంచిర్యాలలో జరిగే మ్యాచ్‌లకు ముందు ఆడపిల్లల ఆట. మిగిలిన చోట్ల బాత్రూం సంగతి తేలాక.

#23 జమ్మికుంట_చిన్నోడు

అన్నా, మా వాళ్ళను అడిగాను. పదమూడు మంది అయ్యారు. కీపర్ లేడు. మీ కీపర్ తమ్ముడు ఎవరో ఆడతాడట కదా?

#24 రైట్‌బ్యాక్_హన్మకొండ

వాడు ఆడతాడు. కానీ అన్న పేరు మీద కాదు, వాడి పేరు మీదే. పసుపుకార్డు చూస్తున్నాడు.

#25 మిషిగన్_ఓరుగల్లు

నేను డిసెంబర్ 13న దిగుతున్నాను. 20వ తేదీ శనివారం ఎవరిది ఎవరితో?

#26 ఖజానా_మంచిర్యాల

కాజీపేటతో మాది. కాజీపేటలోనే. రెండున్నరకు కిక్కాఫ్ అనుకుంటున్నాం, మా తిరుగు బండిని బట్టి ఒక అరగంట అటూ ఇటూ. డప్పు నీదే బావా.